చలనచిత్ర పురస్కారములును తెలుగుపాటయు

1957వ సంవత్సరమున వెలువడిన మాయాబజారు చిత్రములో నొక చిన్న ఘట్టము కలదు. ఘటోత్కచుని కొలువున విద్య నేర్చు శిష్యులలో నొకడు శబ్దశాస్త్రమునకు లొంగని క్రొత్తమాట నొకదానిని పుట్టించును. గురువు దానిని తప్పుపట్టును. ఘటోత్కచుడు మాత్రము మాటను పుట్టించుటయే ఘనకార్యమని తీర్పు చెప్పి వానికి వీరతాళ్లు వేయించును. ఆ చిత్రమునకు మాటలును పాటలును వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారి కల్పనయగు ఈ వీరతాడు నాటినుండి జనుల నోళ్లలో నిలిచిపోయినది. మెచ్చుకోలునకును ఎకసక్కెమునకును గూడ తెలుగువారు నేటికిని ఆ మాటనే వాడుదురు. బిరుదును జూచి సంతోషించుటయు, బిరుదును జూచి నవ్వుకొనుటయు తెలుగువానికి రెండును సహజములే యని దానివలన దెలియుచున్నది. ఆ మాట కల్పించిన కవికి మాత్రము వీరతాడు పడలేదు. అప్పటికి కేంద్రప్రభుత్వము చలనచిత్రగీతమునకు బహుమాన మేర్పఱుపలేదు. రాష్ట్రప్రభుత్వపు నంది పురస్కారము పుట్టుటకు ఇంకను ఏడేండ్లు కావలసియుండెను.

కవికి సన్మానము తెలుగుదేశమున క్రొత్తది కాదు. శ్రీనాథునకు ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకము జరిగెననియు, కృష్ణదేవరాయలు పెద్దనకు గండపెండేరము తొడిగెననియు ప్రసిద్ధి. ఆ సన్మానముల చారిత్రకత యెట్లున్నను, వానిని జెప్పుకొను పద్ధతిలో నొక విశేషము గమనింపదగినది. ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు, చూచుచున్న సభ, ఈ మువ్వురకును విచారవిషయమైన కవిత్వము తెలిసినదే. తీర్పు తప్పైనచో తప్పని చెప్పగలవాడు సభలోనే యుండును. చలనచిత్ర పురస్కారములయందు ఈ సంబంధము తెగిపోయినది. పాట వ్రాసినవాని భాష నెఱుగనివారే తఱచుగా దానికి తీర్పరులు. ఆ తీర్పును విని హర్షించు కోట్లమందికి తీర్పునకు గల కారణములు తెలియవు. అట్లయ్యు ఆ తీర్పు, ఏ పాటను బడిలో చెప్పవచ్చును, ఏ కవిని కవియని పిలువవచ్చును అను విషయమున గూడ ప్రభావము చూపుచున్నది. చలనచిత్రగీతము సాహిత్యమా కాదా యని అర్ధశతాబ్దికి పైగా తెలుగు పండితులు వాదించుచునే యుండిరి. ఆ వాదము తెమలకముందే పురస్కారములు తమ తీర్పును ప్రకటించినవి.

అమెరికాదేశపు అకాడమీ పురస్కారము, అనగా లోకమున ఆస్కారు అను పేర ప్రసిద్ధమైనది, సాహిత్యచింతతో బుట్టినది కాదు. 1927లో చిత్రనిర్మాణసంస్థల యజమాని లూయీ బి. మేయర్ మొదలగువారు ఆ అకాడమీని స్థాపించిరి. కార్మికసంఘములు తలయెత్తకుండ తగవులను తమలో తాము తీర్చుకొనుట ఆ స్థాపనకు గల యుద్దేశములలో నొకటి. 1929 మే 16వ తేదీన హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటలులో జరిగిన మొదటి ప్రదానము విందుభోజనమునకు తోకవంటిది. పదునైదు నిమిషములలో ముగిసినది. 1953లో టెలివిజనులో ప్రసారమగుటతో అది లోకము చూచు పండుగ యయ్యెను. పాటకు బహుమానము 1934 నాటి చిత్రములతో మొదలయ్యెను.

ఆ పురస్కారము సమాజమునకు అద్దము పట్టిన సందర్భములు కొన్ని ప్రసిద్ధములు. 1940లో హాటీ మెక్‌డానియల్ అను నల్లజాతి నటికి సహాయపాత్రకు బహుమానము వచ్చెను. కాని ఆ రాత్రి ఆమెకు తోడినటులతో గాక వేఱుగా గోడప్రక్కనున్న బల్లయొద్ద చోటిచ్చిరి. 1973లో మార్లన్ బ్రాండో అమెరికా ఆదిమజాతులను చిత్రములలో చూపు తీరునకు నిరసనగా బహుమానమును త్రోసిపుచ్చెను. 2015, 2016 సంవత్సరములలో నటనాబహుమానములకు పేర్కొనబడినవా రందఱును శ్వేతజాతీయులే కాగా పెద్ద అలజడి రేగి, అకాడమీ తన సభ్యత్వమును ఇతరజాతులకును స్త్రీలకును విశాలముగా దెఱచెను. ఆంగ్లేతరభాషాచిత్రమునకు, అనగా కొరియాదేశపు పారసైట్‌నకు, 2020లో మొదటిసారి ఉత్తమచిత్రగౌరవము లభించుట ఈ మార్పు తరువాతిదే. సాహిత్యపరులకు మఱియొక ముచ్చట. సాహిత్యమునకు నోబెల్ బహుమానమును, ఈ ఆస్కారును, రెండింటిని బొందినవారు ఇద్దఱే: పిగ్మేలియన్ నాటకమును చిత్రముగా వ్రాసిన బెర్నార్డ్ షా, పాటలు కట్టి పాడిన బాబ్ డిలన్. ఇందు మొదటివాడు ఆ గౌరవమును విని సంతోషింపక చిఱ్ఱుబుఱ్ఱులాడెను. రెండవవానికి 2016లో నోబెల్ వచ్చినపుడు పాట సాహిత్యమగునా యను ప్రశ్న లోకమంతట లేచినది. తెలుగుపండితుల సందేహము తెలుగువారికే ప్రత్యేకము కాదన్నమాట.

భారతదేశమున ప్రభుత్వ పురస్కారములు 1954లో, 1953 నాటి చిత్రములతో ఆరంభమైనవి. గీతరచనకు ప్రత్యేకగౌరవము మాత్రము 1968 నాటి చిత్రములనుండియే కలదు. దానిని మొదట బొందినవాడు తమిళకవి కణ్ణదాసన్. ఈ కాలవిలంబము తెలుగుపాటకు చేసిన నష్టము చిన్నది కాదు. సముద్రాల రాఘవాచార్యులుగారు ఆ 1968లోనే స్వర్గస్థులైరి. మల్లాది రామకృష్ణశాస్త్రిగారు అంతకు మూడేండ్ల ముందే కాలధర్మము నొందిరి. పింగళివారు 1971లో పోయిరి. 1951 నాటి మల్లీశ్వరిలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పాటకు దెచ్చిన సౌకుమార్యమును, మాయాబజారులో పింగళివారు చూపిన మాటలపోకడను పురస్కారముల పట్టికలో వెదకినవానికి శూన్యమే కనబడును. పట్టికను చరిత్రగా దీసికొనువాడు తెలుగు చలనచిత్రగీతము 1974లో బుట్టినదని నమ్మవలసివచ్చును.

ఏలయన, ఆ సంవత్సరపు అల్లూరి సీతారామరాజు చిత్రమునకు వ్రాసిన గీతమునకు గాను శ్రీశ్రీగారికి కేంద్రప్రభుత్వ గీతరచనా పురస్కారము వచ్చెను. తెలుగునకు అదియే మొదటిది. అదే సంవత్సరపు పురస్కారములలో మల్లీశ్వరి దర్శకులు బి. ఎన్. రెడ్డిగారికి దాదాసాహెబ్ ఫాల్కే గౌరవము లభించెను. శ్రీశ్రీగారు 1972లోనే కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును బొందియుండిరి. రెండేండ్లలో ఒకే ప్రభుత్వపు రెండు సంస్థలు ఒకే కవిని, ఒకటి కావ్యమునకు, ఒకటి చిత్రగీతమునకు, గౌరవించినవి. పొట్టకూటికై పాటలు వ్రాయుట, పేరునకై పద్యములు వ్రాయుట యని రెండు గదులుగా విడదీసి మాటలాడుకొన్న విమర్శకులకు ఇది యిబ్బంది కలిగించిన సంగతి. ఇట్లే సి. నారాయణరెడ్డిగారు 1962 నాటి గులేబకావళికథతో పాటలరచనకు దిగి, 1973లో సాహిత్య అకాడమీ బహుమానమును, 1988 సంవత్సరమునకు జ్ఞానపీఠమును బొందిరి. గీతరచనకు కేంద్రప్రభుత్వ బహుమానము మాత్రము వారికి రాలేదు. కావ్యమునకు ఒక కొలబద్ద, పాటకు ఒక కొలబద్ద యున్నదనుకొన్నను, ఆ రెండవదాని కొలతలు ఎవరి చేతిలో నున్నవో తెలియుట కష్టము.

శ్రీశ్రీ తరువాత ఆ గౌరవము తెలుగునకు మరల వచ్చుటకు పందొమ్మిది సంవత్సరములు పట్టినది. మాతృదేవోభవ చిత్రమునకు వేటూరి సుందరరామమూర్తిగారు (1993), ఠాగూర్ చిత్రమునకు సుద్దాల అశోక్ తేజగారు (2003), కొండపొలమునకు చంద్రబోసుగారు (2021), బలగమునకు కాసర్ల శ్యాంగారు (2023) దానిని బొందిరి. సుద్దాలవారి పాట శ్రీశ్రీ కవితలోని మాటలను ఎత్తుగడగా గ్రహించి సాగినది. కనుక 1974 నాటి పురస్కారచ్ఛాయ 2003 వఱకు ప్రసరించినదన్నను తప్పులేదు. ఈ పట్టికలో కనబడని పేరు సిరివెన్నెల సీతారామశాస్త్రిగారిది. 1986 నాటి సిరివెన్నెల చిత్రమే యింటిపేరైనవారు, రాష్ట్రప్రభుత్వపు నందిని వరుసగా మూడేండ్లు గెలిచినవారు, 2019లో పద్మశ్రీ యందుకొన్నవారు, 2021 నవంబరులో పరమపదించువఱకును కేంద్రప్రభుత్వ గీతపురస్కారము నెఱుగరు. పురస్కారములు యోగ్యులకు రాలేదని కాదు; వచ్చినవారందఱును యోగ్యులే. రానివారిని జూచినపుడే ఆ తక్కెడ తూకము తెలియును.

ఇచ్చట శంకరాభరణము ప్రసక్తి రాకతప్పదు. 1980 ఫిబ్రవరిలో విడుదలయై, 1979 సంవత్సరపు పురస్కారములలో అది నాలుగింటిని గెలిచెను: ఆరోగ్యకరమైన వినోదమునిచ్చు జనాదరణచిత్రముగా నొకటి, సంగీతమునకు కె. వి. మహదేవన్‌గారికి, గానమునకు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారికి, వాణీ జయరాంగారికి తక్కిన మూడును. వేటూరివారి సాహిత్యమునకు అందు భాగము లేదు. సంగీతమునకు భాషాభేదము లేదు గనుక పలుభాషల తీర్పరులు దానిని సులభముగా గుర్తింతురు. సాహిత్యమునకు అనువాదము కావలెను, అనువాదమున పాట చచ్చును. భాషానిబద్ధమైన కళ భాషాతీతమైన కళతో పోటీపడవలసినచోట సాహిత్యము వెనుకబడుట ఆశ్చర్యము కాదు. ఆ చిత్రమును నిలిపినది పురస్కారములు కావు, ప్రజలు. కాని శాస్త్రీయసంగీతము సినిమాకొట్టాలలో చెల్లునని వర్తకులు నమ్ముటకు ప్రభుత్వముద్ర కొంత తోడ్పడినదనుటలో సందేహము లేదు.

రాష్ట్రప్రభుత్వ పురస్కారములలో పేర్లే యొక కథ. 1964లో మొదలైన నంది లేపాక్షి బసవన్న ప్రతిరూపము. మొదటి ఉత్తమచిత్రము డాక్టర్ చక్రవర్తి, కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణము నవల ననుసరించి తీసినది. ప్రభుత్వపు బహుమానము నవలను ఆశ్రయించిన చిత్రముతో మొదలగుట శుభసూచకముగానే తోచియుండును. రాష్ట్రవిభజనానంతరము తెలంగాణప్రభుత్వము గద్దర్ పేర పురస్కారముల నేర్పఱచి 2025 జూనులో మొదటిసారి ప్రదానము చేసెను. రాతినంది స్థానమున పాటగాని పేరు నిలుచుట తెలుగు సాంస్కృతికచరిత్రలో తేలికమాట కాదు. అయితే ఆ గద్దరే ఒరేయ్ రిక్షా చిత్రమునందలి పాటకు వచ్చిన నందిని పుచ్చుకొనక త్రోసిపుచ్చినవాడు. బహుమానమును వలదన్నవాని పేరనే బహుమానము వెలయుట చూచి ఘటోత్కచుడైనచో రెండు వీరతాళ్లు అదనముగా వేయించియుండును.

ఇక నాటు నాటు సంగతి. 2022 మార్చిలో విడుదలయైన ఆర్.ఆర్.ఆర్. చిత్రమునందలి ఈ పాటకు 2023 మార్చి 12న లాస్ ఏంజిలెస్ నగరమున ఆస్కారు లభించెను. సంగీతకర్త ఎం. ఎం. కీరవాణిగారు, రచయిత చంద్రబోసుగారు దానిని గలిసి యందుకొనిరి. అల్లూరి సీతారామరాజు పేరు గల పాత్ర నాడునట్టి చిత్రమునుండియే ఈ గౌరవమును వచ్చుట, 1974తో పోల్చి చూచువారికి చిత్రమైన సంఘటన. భారతదేశము ఆ సంవత్సరము అధికారికముగా పంపినది గుజరాతీ చిత్రమే గాని ఇది కాదు. పాటకు దేశముయొక్క అనుమతిపత్రము అక్కఱలేదు గనుక ఇది పోటీలో నిలిచినది. ఆంగ్లేతరభాషలలోని పాట గెలుచుట అరుదు. 1960 నాటి గ్రీకు చిత్రగీతము, 2004 నాటి స్పానిషుపాట, 2008 నాటి చిత్రమునందలి గుల్జార్ రచనయగు హిందీపాట మున్నగునవి వ్రేళ్లపై లెక్కింపదగినవే.

ఈ పోటీలో పాటలను మొదట నెన్నువారు అకాడమీలోని సంగీతశాఖవారు, తుదితీర్పు సభ్యులందఱిది. వారిలో తెలుగు వచ్చినవారు లేరన్నంత తక్కువ. అందుచేత వారు మెచ్చినది పాటలోని దేనిని అను ప్రశ్న సాహిత్యపరులకు ముఖ్యమైనది. గతివేగమును, నర్తకుల అడుగుల యేకత్వమును, మాటిమాటికి వచ్చు టకారపు మ్రోతను వారు విన్నారు. అది కాదనరానిది, వృత్త్యనుప్రాసము అర్థము తెలియకున్నను చెవికి దెలియును. కాని ఆ పాట సాహిత్యమును విప్పి చూచినచో అది ఆమూలాగ్రముగ మాలోపమ. పొలముగట్టు దుమ్ములో కుప్పించు కోడెగిత్త, పోలేరమ్మ జాతరలో పూనకమున నూగు పోతరాజు, కిఱ్ఱుమను చెప్పులతో చేయు కఱ్ఱసాము, మఱ్ఱినీడన కూడిన కుఱ్ఱకారు, జొన్నరొట్టెలో కలిపిన మిరపతొక్కు: ఒక నృత్యమునకు ఇన్ని యుపమానములు, ఒక్కటియు పుస్తకములనుండి దెచ్చినది కాదు, అన్నియు పల్లెనుండి తెచ్చినవి. పోతరాజు గ్రామదేవత తమ్ముడని తెలియనివాడు ఆ యుపమానమున సగము రుచిని గోల్పోవును. ఉపశీర్షికలు ఆ లోటును తీర్పజాలవు. కనుక ఆ సభ సత్కరించినది పాటను. దాని సాహిత్యమును సత్కరింపవలసిన పని ఇంకను తెలుగువారిదే.

మఱియొక భేదము గూడ గలదు. ఆస్కారు పాటను ఒకే వస్తువుగా జూచి స్వరకర్తకును గీతకర్తకును ఉమ్మడిగా బహుమాన మిచ్చును. భారతప్రభుత్వము సంగీతమును, సాహిత్యమును, గానమును వేఱువేఱుగా తూచును. అన్నమయ్య, త్యాగయ్య వంటి వాగ్గేయకారుల సంప్రదాయము గల తెలుగువారికి మొదటి పద్ధతియే దగ్గఱగా దోచవలెను. ఇద్దఱు కలిసి ఒక వాగ్గేయకారుడైనట్లు. రెండవపద్ధతివలన లాభము లేకపోలేదు: అది గీతకర్తను స్వరమునుండి విడదీసి, నీ మాటలకే నీకు గౌరవము అని చెప్పును. కాని పాటనుండి మాటలను విడదీసి కాగితముపై నుంచిన వెంటనే అది పద్యముతో పోలికకు దొరకిపోవును, పోలికలో తఱచు ఓడును. చిత్రగీతమును పద్యపు త్రాసులో దూచి తేలికయని తేల్చుట పండితులలో చాలకాలము నడచిన పద్ధతి. స్వరము లేక చదివినచో త్యాగరాజకృతులలో గూడ కొన్ని సామాన్యవచనములవలె కనబడును. ఆ మాట యనుటకు ఎవ్వరును సాహసింపరు.

2023వ సంవత్సరమే ఈ రెండు పద్ధతుల భేదమును ఒకే కవియందు చూపినది. మార్చిలో నాటు నాటునకు ఆస్కారు రాగా, ఆగస్టులో ప్రకటించిన 2021 సంవత్సరపు కేంద్రప్రభుత్వ పురస్కారములలో చంద్రబోసుగారికి గీతరచనకు గౌరవము కొండపొలము చిత్రమునందలి పాటకు వచ్చెను. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి నవల ననుసరించి, గొఱ్ఱెలమందలతో అడవికి బోవు కాపరుల బ్రదుకును జూపిన చిత్రమది. ఆర్.ఆర్.ఆర్.నకు అప్పుడు పలుబహుమానములు వచ్చినను గీతరచనకు రాలేదు. లోకము మెచ్చినది ఒకటి, దేశము మెచ్చినది మఱియొకటి. వ్రాసిన చేయి యొకటే. లోకము మెచ్చినదాని పేరు తెలియని తెలుగుబాలుడు లేడు. రెండవదాని పేరు తెలిసినవారు కొందఱే. పురస్కారమునకు గల బలము దాని తీర్పులోని న్యాయమునుబట్టి గాక దాని చప్పుడునుబట్టి యుండునని ఇంతకన్న స్పష్టముగ జూపు నిదర్శనము దొరకదు.

చప్పుడువలన కొంత మేలు జరిగినదని యొప్పుకొనవలెను. నాటు అను మాట దేశవాచకమగు నాడు శబ్దముతో చుట్టరికము గలది. నాటుకోడి, నాటువైద్యుడు, నాటుసారా అనునపుడు అది నాగరకమునకు ఎదురుమాట, కొంచెము చిన్నచూపుతో బలుకుమాట. పట్టణపు బడిలో పిల్లవాడు పల్లెమాట పలికినచో నాటుగా నున్నదని దిద్దుట అలవాటు. ఆ మాటయే బిరుదై విదేశపుసభలో మ్రోగిన పిమ్మట దానిలోని చిన్నచూపు కొంత సడలినది. మార్గకవితకు ఎదురుగ దేశికవితను, జానుతెనుగును నిలిపిన నన్నెచోడ పాల్కురికి సోమనాథులు పూర్వము చేసిన వాదము ఇట్టిదే. వారు కావ్యము వ్రాసి వాదించిరి, వారి మాట జనులకు జేరుటకు తరములు పట్టినది. నేడు ఒక్కరాత్రిలో చేరినది. త్వరగా వచ్చిన గౌరవము త్వరగా పోవునా నిలుచునా యనునది ఆ పాటను బడులలో నెట్లు చెప్పుదురో, అసలు చెప్పుదురో లేదో, దానినిబట్టి యుండును. ఆటకై పిల్లలచే ఆడించి విడిచినచో అది వేడుక. అందలి మాలోపమను విప్పి, పోతరాజెవ్వడో చెప్పి, కఱ్ఱసాము చూడని పిల్లలకు అది యేమో చెప్పి, అటుతరువాత మాయాబజారు పాటల ప్రక్కన దాని నుంచి తారతమ్యము విచారించినచో అది పాఠము. ఆ విచారణలో ఆస్కారుపాటయే ఓడినను ఓడవచ్చును; పండితుడు అందుకు వెఱవరాదు.

అకాడమీవారు 2023 వేసవిలో క్రొత్తసభ్యులుగా నాహ్వానించినవారి పట్టికలో కీరవాణి, చంద్రబోసుగార్ల పేర్లు గలవు. తెలుగు నెఱిగిన తీర్పరులకు ఆ సభలో చోటు దొరకెనన్నమాట. చంద్రబోసుగారు పూర్వపు వరంగల్లు జిల్లాలోని తమ స్వగ్రామమగు చల్లగరిగలో, ఆ పురస్కారమునకు గుఱుతుగా ఒక గ్రంథాలయమును గట్టించిరి. అది 2024లో తెఱవబడెను. ఆ యూరి పిల్లలు పుస్తకములకై పోవు ఇంటికి ఆస్కారు గ్రంథాలయమని పేరు.